పాల వేడికి జమాఖర్చు

మన సంఘాల పుస్తకాలలో పాల లీటర్లకు పద్దు ఉన్నది, వెన్న శాతానికి పద్దు ఉన్నది, దాణా బస్తాలకు పద్దు ఉన్నది. పాలతోపాటు ప్రతి పూటా సంఘానికి వచ్చే మరొక సరుకుకు మాత్రం ఏ పుస్తకంలోనూ పద్దు కనబడదు. అది వేడి. గేదె పొదుగు నుంచి పాలు సుమారు 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో దిగుతాయి. సభ్యుడు చెంబుతోనో, చిన్న క్యానుతోనో కేంద్రానికి తెచ్చేసరికి 35 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దింపితేగాని నిలవవు. ఈ 31 డిగ్రీల వేడిని బయటకు పంపే ఖర్చును ఐసు రూపంలోనో, కరెంటు బిల్లు రూపంలోనో, డీజిల్ రూపంలోనో సంఘమే భరిస్తున్నది. పంపలేని రోజున విరిగిన పాల రూపంలో భరిస్తున్నది. కావున ఎంత వేడి వచ్చింది, ఎంత పోయింది అనే లెక్క సభ్యులందరికీ తెలిసి ఉండడం అవసరం. కూడిక, గుణకారం, భాగహారం వచ్చినవారెవరైనా ఈ లెక్క చేయవచ్చును.

ముందుగా 4 డిగ్రీలే ఎందుకో చెప్పుకొందాం. పాలలో చేరిన సూక్ష్మజీవులు 30 డిగ్రీల పైన మంచి ఊపు మీద ఉంటాయి. అరగంటకొకసారి రెట్టింపవుతాయని అనుకొన్నా, 3 గంటలలో 6 సార్లు రెట్టింపవుతాయి. అంటే ఒకటి 64 అవుతుంది. అప్పుడే పితికిన పాలకు మొదటి రెండు మూడు గంటలు కొంత సహజ రక్షణ ఉన్నమాట నిజమే. పాత్ర మురికిగా ఉంటే ఆ రక్షణ ఎక్కువసేపు ఆగదు. 4 డిగ్రీల దగ్గర ఈ జీవులు చావవు గాని, పెరుగుదల బాగా మందగిస్తుంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నానికి 200 కిలోమీటర్లకు పైబడి దూరం. సాలూరు, పార్వతీపురం వైపు లోపలి ఊళ్ళ నుంచి పాలు ముందు రోడ్డు మీదకు రావాలి, ఆ తరువాత చిల్లింగ్ సెంటరుకు చేరాలి. ఇంత దారి పోవలసిన పాలకు మొదటి గంటలోనే వేడి తీయవలసి ఉంటుంది.

ఇక అసలు పాఠం. వైశాఖ మాసంలో మిట్టమధ్యాహ్నం కళింగపట్నం ఒడ్డున చెప్పులు లేకుండా నడిచినవారికి ఒక సంగతి తెలుసు. ఇసుక అరికాళ్ళను కాల్చేస్తుంది, నాలుగు అడుగులు వేసి సముద్రంలో దిగితే నీరు చల్లగా ఉంటుంది. రెండింటి మీదా పడేది ఒకే ఎండ. అయినా ఇంత తేడా రావడానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నవి. నీరు కదిలి కలిసిపోతూ ఉంటుంది, కొంత ఆవిరవుతూ ఉంటుంది. వాటిలో ఒక ముఖ్య కారణం మాత్రం మన పాఠానికి పనికివస్తుంది. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1 కిలో కేలరీ వేడి కావాలి. కిలో ఇసుకకు అందులో అయిదో వంతు చాలు. ఒకే వేడి ఇస్తే ఇసుక అయిదు డిగ్రీలు ఎక్కేచోట నీరు ఒక్క డిగ్రీ ఎక్కుతుంది. ఒక కిలో పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఈ వేడినే విశిష్టోష్ణం అంటారు.

1760 ప్రాంతంలో స్కాట్లండులోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు ఈ విషయాన్ని మొదటిసారిగా స్పష్టపరిచాడు. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని తేల్చిన ఘనత ఆయనది. మన భాషలో చెప్పాలంటే థర్మామీటరు చూపేది తొట్టిలో నీటి మట్టం వంటిది, వేడి అనేది తొట్టిలోని నీటి పరిమాణం వంటిది. ఇరుకు తొట్టిలో రెండు బిందెలు పోస్తే మట్టం జానెడు పెరుగుతుంది. వెడల్పు తొట్టిలో అవే రెండు బిందెలు పోస్తే బెత్తెడు కూడా పెరగదు. నీరు వెడల్పు తొట్టి, ఇసుక ఇరుకు తొట్టి.

మన పనికి కావలసిన విశిష్టోష్ణాలు నాలుగైదు మాత్రమే. నీటికి 1. పాలకు సుమారు 0.93. పాలలో అధిక భాగం నీరే గనుక ఆ అంకె నీటికి దగ్గరగా ఉన్నది. వెన్న పెరిగిన కొద్దీ కాస్త తగ్గుతుంది గాని, ఆవు పాలకూ గేదె పాలకూ ఉన్న తేడా మన లెక్కను మార్చేటంత కాదు. క్యాను చేసే అల్యూమినియానికి 0.22. ఇనుముకు, ఉక్కుకు 0.11 చొప్పున వేసుకోవచ్చును. పిల్లల పుస్తకాలలో ఇప్పుడు కేలరీలకు బదులు జౌళ్ళు వాడుతున్నారు. 1 కిలో కేలరీ అంటే సుమారు 4.2 కిలో జౌళ్ళు. ఇంటిలో తొమ్మిదో, పదో తరగతి పిల్లలున్నవారు ఈ లెక్కలను వారిచేత జౌళ్ళలో కూడా చేయించవచ్చును. జవాబులో డిగ్రీలు మారవు.

సూత్రం ఒక్కటే:

వేడి = బరువు × విశిష్టోష్ణం × డిగ్రీల తేడా

బరువు కిలోలలో ఉండాలి. మనం పాలను లీటర్లలో కొలుస్తాం గనుక ఇక్కడ చాలామంది తడబడతారు. లీటరు పాల బరువు సుమారు 1.03 కిలోలు. లాక్టోమీటరు పట్టే పరీక్షకునికి ఈ అంకె కొత్త కాదు.

ఇప్పుడు ఒక 40 లీటర్ల క్యాను తీసుకొందాం. పాల బరువు 41.2 కిలోలు. దానిని 0.93తో గుణిస్తే 38.3. ఖాళీ క్యాను బరువు 8 కిలోలనుకొంటే, 0.22తో గుణించగా 1.8 వస్తుంది. రెండూ కలిపి 40.1. కావున నిండు క్యాను ఒక డిగ్రీ చల్లబడాలంటే 40 కిలో కేలరీల వేడి బయటకు పోవాలి. ఈ 40 అనే అంకెను కేంద్రం గోడ మీద రాసిపెట్టుకొంటే మంచిది. 35 నుంచి 4 డిగ్రీలకు 31 డిగ్రీలు. 31ని 40తో గుణిస్తే 1,240 కిలో కేలరీలు. ఒక్క క్యాను పాలు మోసుకొచ్చే వేడి ఇది.

ఈ వేడి ఎక్కడికో పోవాలి గాని, మాయం కాదు. లెక్కలు రాసేవారికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు. ఒక ఖాతాలో ఖర్చు పడిన పైకం మరొక ఖాతాలో జమ పడితీరాలి. పాలు పోగొట్టుకొన్న వేడి ఎంతో, నీరో ఐసో పుచ్చుకొన్న వేడి అంతే. రెండు వైపులా సరిపోకపోతే మధ్యలో గాలి నుంచో ఎండ నుంచో చేరిన వేడికి లెక్క కట్టలేదన్నమాట.

బావి నీటి తొట్టితో మొదలుపెడదాం. మన వైపు చాలా ఇళ్ళలో పశువుల శాల దగ్గర గోలెం ఉంటుంది. అటువంటి శుభ్రమైన తొట్టిలో 120 లీటర్ల బావి నీరు పోశాం, నీటి ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. అందులో 35 డిగ్రీల పాల క్యాను దింపాం. చివరకు రెండూ ఏ ఉష్ణోగ్రత దగ్గర కలుస్తాయి?

క్యానుకు డిగ్రీకి 40, నీటికి డిగ్రీకి 120. చివరి ఉష్ణోగ్రత కోసం ఇలా చేయాలి:

(40 × 35) + (120 × 27) = 1,400 + 3,240 = 4,640
4,640 ÷ 160 = 29 డిగ్రీలు

సరిచూద్దాం. పాలు 35 నుంచి 29కి దిగాయి. 6 డిగ్రీలు, 40 చొప్పున 240 కిలో కేలరీలు ఖర్చు. నీరు 27 నుంచి 29కి ఎక్కింది. 2 డిగ్రీలు, 120 చొప్పున 240 కిలో కేలరీలు జమ. పద్దు సరిపోయింది.

కానీ ఖర్చు లేకుండా 6 డిగ్రీలు తగ్గాయి. తొట్టిలో 40 లీటర్లే పోసి ఉంటే 31 దగ్గరే ఆగేవి, అంటే 4 డిగ్రీలే లాభం. 120 లీటర్ల తొట్టిలోనే రెండు క్యాన్లు ఇరికిస్తే 30.2 దగ్గర ఆగుతాయి. ఇక నీరు మార్చి రెండవసారి 27 డిగ్రీల నీరు పోస్తే? 29 డిగ్రీల పాలు 27.5కి వస్తాయి. మొదటి నీరు 6 డిగ్రీలు తీస్తే రెండవ నీరు తీసేది ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. మూడవసారి అర డిగ్రీ కూడా రాదు. నీరు ఎన్నిసార్లు మార్చినా 27కి దిగువకు పోయే ప్రసక్తి లేదు. రెండవసారి నీరు తోడే శ్రమకు తగిన ఫలితం లేదని నా అభిప్రాయం. ఆ సమయంలో పాలను కేంద్రానికి పంపడం మేలు.

ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోవాలి. మొదటిది, క్యానును నీటిలో పెట్టి కదపకుండా వదిలేస్తే అంచున ఉన్న పాలు చల్లబడి, నడుమ పాలు వేడిగానే ఉంటాయి. శుభ్రం చేసిన గరిటెతో అప్పుడప్పుడు కలపాలి. తొట్టిలో నీటి మట్టం క్యానులోని పాల మట్టానికి తక్కువ కాకూడదు, క్యాను మెడ దాటి పైకీ రాకూడదు. రెండవది, 29 డిగ్రీల పాలు చల్లని పాలు కావు. చేతికి చల్లగా తగిలినంత మాత్రాన సూక్ష్మజీవుల పని ఆగలేదు. తొట్టిలో పెట్టాం గదా అని సభ్యుడు ఇంట్లో గంటసేపు ఆగిపోతే, వేడిలో కలిసివచ్చిన లాభం కాలంలో పోతుంది.

తడి గోనె సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. ఎందుకంటే చాలామంది దీనిని చిన్నచూపు చూస్తారు. కిలో నీరు గాలికి ఆరి ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీలు పడుతుంది. అందులో సగమే క్యాను నుంచి, తక్కిన సగం గాలి నుంచి తీసుకొన్నదనుకొన్నా, 290 కిలో కేలరీలు, అంటే క్యానుకు 7 డిగ్రీల చల్లదనం. కొత్త కుండలో నీరు చల్లబడేది ఈ దారినే. అయితే గోనె ఆరాలంటే గాలి పొడిగా ఉండాలి, వీస్తూ ఉండాలి. బొబ్బిలి, సాలూరు వైపు ఎండాకాలపు పొడి గాలికి గోనె బాగా పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతలోను, వర్షాకాలంలోను అదే గోనె తడిసి వేలాడుతుంది తప్ప ఆరదు. అప్పుడు దానివల్ల ప్రయోజనం స్వల్పం. బండి మీద క్యాన్లు వేసుకొని పోయేవారు గోనె తడిపి కప్పడం ఎప్పుడూ మంచిదే. ఇంకేమీ కాకపోయినా ఎండ తగలకుండా కాపాడుతుంది.

ఇప్పుడు ఐసు. ఐసు బలం అది కరగడంలో ఉన్నది. 0 డిగ్రీల కిలో ఐసు 0 డిగ్రీల నీరుగా మారడానికే 80 కిలో కేలరీలు పుచ్చుకొంటుంది. కరిగేటంత సేపూ థర్మామీటరు 0 దగ్గరే నిలబడుతుంది. పైకి కనబడకుండా పోయే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు. దీనిని కనిపెట్టినవాడు కూడా పైన చెప్పిన జోసెఫ్ బ్లాకే. కరిగిన నీరు 0 నుంచి 4 డిగ్రీలకు ఎక్కేటప్పుడు మరో 4 పుచ్చుకొంటుంది. మొత్తం కిలో ఐసుకు 84.

క్యాను పాలకు 1,240 కిలో కేలరీలు అనుకొన్నాం. 84తో భాగిస్తే 14.8. కావున క్యానుకు 15 కిలోల ఐసు కావాలి. తొట్టిలో ముందుగా 29కి దింపిన క్యానుకైతే 25 డిగ్రీలే మిగులుతాయి. 25ని 40తో గుణిస్తే 1,000. 84తో భాగిస్తే 12 కిలోలు చాలు. క్యానుకు దాదాపు 3 కిలోల ఐసు ఆదా. పూటకు 10 క్యాన్లు పంపే సంఘానికి పూటకు 28 కిలోలు. ఇది కాగితం మీది లెక్క. దిమ్మ తెచ్చే దారిలో కరిగేది, తొట్టి గోడలు తినేది, గాలి తినేది వేరే ఉంటాయి గనుక మరో నాలుగో వంతు కలుపుకొని తెప్పించాలి. పొట్టు, గోనె వేసి దిమ్మను కప్పి తెస్తే ఆ నష్టం తగ్గుతుంది. దిమ్మను తూచి తీసుకోవడం మరవవద్దు. ఐసు తూచకుండా కొన్న బిల్లులు తనిఖీలో తరచుగా కనబడుతున్నవి.

ఐసు వేయవలసింది తొట్టి నీటిలో, క్యాను చుట్టూ. ఒక సంఘంలో పాఠం చెబుతుండగా వెనుక వరుస నుంచి ఒక పెద్దాయన లేచి, "ఇనస్పెట్రు బాబూ, ఐసు పాల్లోనే ఏసేత్తే తొరగా సల్లబడిపోద్ది గదా, ఈ తొట్టెందుకు, ఈ నీళ్ళెందుకు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే కార్యదర్శి అందుకొని, "మావా, సల్లబడతాయి గానీ నీళ్ళ పాలయిపోతాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రం నవ్వి వదిలేయదగినది కాదు. త్వరగా చల్లబడతాయన్నది నిజమే. మరి నష్టమెంతో లెక్క కట్టి చూపాలి.

40 లీటర్ల పాలను 35 నుంచి 4కి దింపడానికి, క్యాను వదిలేసి పాలకే చూసినా, 14 కిలోల ఐసు కావాలి. అది కరిగితే 14 లీటర్ల నీరు. 41.2 కిలోల పాలు కాస్తా 55.2 కిలోలవుతాయి. మొదట వెన్న 7 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం ఉన్నవనుకొంటే, ఇప్పుడు వెన్న 5.2కి, ఎస్.ఎన్.ఎఫ్. 6.7కి దిగుతాయి. ఆ పాలను ఏ చిల్లింగ్ సెంటరులోనూ తీసుకోరు. పోనీ ఎవరికీ తెలియకుండా ఒక్క కిలో వేద్దామనుకొంటే? 35 డిగ్రీల పాలు 32కి వస్తాయి, అంతే. 3 డిగ్రీల కోసం క్యాను మొత్తం కల్తీ అయింది. పైగా అది చేపల పెట్టెల కోసం తయారైన ఐసు అయితే అందులోని నీరు ఎంత శుభ్రమో ఆలోచించండి. పెద్దాయన లెక్క అంతా విని, "అయితే తొట్టే మేలు" అని కూర్చున్నాడు.

డెయిరీలో కూడా ఇదే జమాఖర్చు నడుస్తుంది. పాశ్చరీకరణలో పాలను 72 డిగ్రీలకు వేడిచేసి 15 సెకన్లు ఉంచి, మళ్ళీ చల్లబరుస్తారు. 4 నుంచి 72కి 68 డిగ్రీలు ఎక్కించాలి, మళ్ళీ అంతా దించాలి. లోపలికి వచ్చే చల్లని పాలను, బయటకు పోయే వేడి పాలను పలుచని ఉక్కు రేకులకు ఇరువైపులా పారిస్తారు. వీటి వేడి వాటికి జమ పడుతుంది. పదిలో తొమ్మిది వంతులు ఇలా చేతులు మారితే, బాయిలరు ఇవ్వవలసింది 7 డిగ్రీల వేడి మాత్రమే.

ఇక బల్క్ కూలరు ఉన్న సంఘాల విషయం. 1,000 లీటర్ల పాలు ఒక డిగ్రీ దిగాలంటే 958 కిలో కేలరీలు పోవాలి. 31 డిగ్రీలకు 29,700. కూలరు మీద, ఎ.సి. మీద 'టన్ను' అని రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. అది యంత్రం బరువు కాదు. 907 కిలోల ఐసు, అంటే అమెరికా వారి ఒక టన్ను ఐసు, 24 గంటలలో కరిగితే ఎంత వేడి తీస్తుందో అంత వేడి తీసే శక్తి. 907ని 80తో గుణించి 24తో భాగిస్తే గంటకు సుమారు 3,024 కిలో కేలరీలు. 29,700 కిలో కేలరీలను 3 గంటలలో తీయాలంటే గంటకు 9,900 తీయాలి. అంటే మూడుంబావు టన్నుల యంత్రం కావాలి. కొత్త కూలరు కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పిన మాటకు ఈ లెక్క సరిపోతున్నదా అని పాలకవర్గం వారు చూసుకోవాలి.

కరెంటు ఎంత? ఒక యూనిట్ కరెంటు మొత్తం వేడిగా మారితే 860 కిలో కేలరీలు. కూలరు వేడిని తయారుచేయదు, ఉన్న వేడిని పాలలోనుంచి తోడి బయట గాలిలో పారబోస్తుంది. బావిలోనుంచి నీరు తోడే మోటారు వంటిదే. అందుచేత ఒక యూనిట్ కరెంటుతో 860కి రెట్టింపు, అంతకంటే కొంత ఎక్కువ కూడా తోడగలదు. మనం తక్కువలో తక్కువగా రెట్టింపే వేసుకొందాం, 1,720. 29,700ను 1,720తో భాగిస్తే 17 యూనిట్లు. మీ కూలరు 1,000 లీటర్లకు 25, 30 యూనిట్లు లాగుతూ ఉంటే ఎక్కడో లోపం ఉన్నది. చాలాచోట్ల ఆ లోపం కండెన్సరు రేకుల మీద పేరుకొన్న దుమ్ము. లేదా కండెన్సరును గోడకు ఆనించి, వేడి గాలి బయటకు పోకుండా గది తలుపులు మూసి ఉంచడం. పారబోసిన వేడిని మళ్ళీ తోడిస్తున్నామన్నమాట. ప్రతి పూటా కూలరు వేసే ముందు, ఆపిన తరువాత మీటరు అంకె రాసిపెట్టే సంఘం ఈ లోపాన్ని వారంలో పట్టుకొంటుంది. నెల బిల్లు వచ్చేవరకు చూసే సంఘం బిల్లు కట్టి ఊరుకొంటుంది.

సభ్యులు ఇంట్లో తొట్టి వాడి, ఆలస్యం చేయకుండా 29 డిగ్రీల పాలు తెస్తే, 1,000 లీటర్ల మీద 6 డిగ్రీలు, 5,750 కిలో కేలరీలు, మూడుంబావు యూనిట్లు ఆదా. రెండు పూటలకు, నెల రోజులకు సుమారు 200 యూనిట్లు. అందరూ చేస్తారని నేననుకోను. ఊరిలో సగం మంది చేసినా 100 యూనిట్లు.

చివరగా అన్నింటికంటే ముఖ్యమైన లెక్క. కూలరులో ఉదయం పాలు 600 లీటర్లు 4 డిగ్రీల దగ్గర ఉన్నవి. సాయంత్రం 400 లీటర్లు 34 డిగ్రీలతో వచ్చాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కూలరులో పోసేస్తే చల్లని పాలతో కలిసి ఇవీ చల్లబడతాయని చాలామంది అనుకొంటారు. రెండూ పాలే గనుక ఇక్కడ విశిష్టోష్ణం కూడా అక్కరలేదు:

(600 × 4) + (400 × 34) = 2,400 + 13,600 = 16,000
16,000 ÷ 1,000 = 16 డిగ్రీలు

భద్రంగా ఉన్న 600 లీటర్లను 16 డిగ్రీలకు లేపి ప్రమాదంలో పెట్టాం. కరెంటు నాలుగు గంటలు రాకపోతే నష్టం 400 లీటర్లకు బదులు 1,000 లీటర్లకు వస్తుంది. కలిపిన పాలు 10 డిగ్రీలు దాటకూడదని హద్దు పెట్టుకొంటే, ఎన్ని లీటర్లు పోయవచ్చు? చల్లని పాలు 4 నుంచి 10కి 6 డిగ్రీలు ఎక్కవచ్చు. 600ను 6తో గుణిస్తే 3,600. వేడి పాలు 34 నుంచి 10కి 24 డిగ్రీలు దిగాలి. 3,600ను 24తో భాగిస్తే 150. కావున 150 లీటర్లు మించి పోయరాదు. తక్కిన 250 లీటర్లు క్యాన్లలో, బావి నీటి తొట్టిలో ఉండాలి. కరెంటు ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. పాలు గంటన్నరసేపు కొద్ది కొద్దిగా వస్తాయి, యంత్రం వచ్చిన వేడిని వచ్చినట్టు తోడేస్తుంది.

మరి జనరేటరు ఉంటే? 400 లీటర్ల పాలు 30 డిగ్రీలు దిగడానికి 11,500 కిలో కేలరీలు, 1,720తో భాగిస్తే 7 యూనిట్లకు లోపు. చిన్న జనరేటరు లీటరు డీజిల్‌కు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. అన్ని వృథాలూ కలుపుకొని 3 లీటర్ల డీజిల్ అనుకొందాం. దాని ధర ఒక పక్క, 400 లీటర్ల పాల ధర మరొక పక్క రాసి చూడండి. డీజిల్ ఖర్చుకు పాలకవర్గం తీర్మానం లేదని జనరేటరు వేయకుండా కూర్చున్న ఒక కార్యదర్శిని నేనెరుగుదును. అటువంటి అత్యవసర ఖర్చుకు ముందుగానే తీర్మానం రాసి ఉంచుకోవాలి. అందులో తప్పేమీ లేదు, తనిఖీలో అభ్యంతరమూ ఉండదు.

మన జిల్లాలలో ఇది ఊహాగానం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో ఉన్నవి. తుపాను వచ్చినా గేదె పాలివ్వడం మానదు. రోడ్ల మీద చెట్లు పడితే పాల బండి రాదు. ఐసు ఫ్యాక్టరీకి కూడా కరెంటు ఉండదు గనుక ఐసు దొరుకుతుందన్న ఆశ వద్దు. అటువంటి రోజున చేతిలో ఉండేవి బావి నీరు, తడి గోనె, కొద్దిపాటి డీజిల్. ఏ పాలకు దేనిని వాడాలో తేల్చడానికి పై లెక్కలే ఆధారం. బండి వస్తుందన్న భరోసా ఉంటే ఉన్న డీజిల్‌తో కూలరులోని పాలను కాపాడాలి. రాదని తేలితే పొద్దున్నే సభ్యులకు కబురు చేసి, పాలు ఇంటి దగ్గరే కాచి పెరుగు తోడుపెట్టుకోమనడం, వెన్న తీసుకోమనడం మంచిది. కేంద్రానికి తెచ్చాక తిప్పి పంపితే ఆ పాలు పెరుగుకు కూడా పనికిరావు.

సభ్యులు స్వయంగా చేసి చూడవలసిన లెక్క: కూలరులో 500 లీటర్ల పాలు 4 డిగ్రీల దగ్గర ఉన్నవి. సాయంత్రం 300 లీటర్లు 33 డిగ్రీలతో వచ్చాయి, కరెంటు లేదు. అన్నీ ఒకేసారి పోస్తే ఎన్ని డిగ్రీలవుతాయి? 10 డిగ్రీల హద్దు దాటకుండా ఎన్ని లీటర్లు పోయవచ్చు? మిగిలిన పాలకు ఎన్ని క్యాన్లు, క్యానుకు 120 లీటర్ల చొప్పున ఎన్ని లీటర్ల బావి నీరు సిద్ధం చేసుకోవాలి? మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు 15 డిగ్రీలు, రెండవదానికి 130 లీటర్లు. మూడవది మీ కేంద్రంలో ఎన్ని క్యాన్లు, ఎన్ని తొట్లు ఉన్నవో లెక్కపెట్టి, సరిపోతాయో లేదో చూసి రాయండి.